గీజర్ రోజంతా ఆన్‌లో ఉంచితే బిల్లు తగ్గుతుందా?

చలి మొదలైతే చాలు, నాకు తెలిసిన బ్యాచిలర్ రూములన్నిటి నుంచీ ఒకటే ప్రశ్న. ‘మాటిమాటికీ ఆన్, ఆఫ్ చేసేకంటే గీజర్ అలా వదిలేస్తే కరెంటు తక్కువ కాలుతుందట కదా?’ అని. కాదండీ. లెక్క చిన్నదే, చూడండి.

15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి చేరాలంటే దాదాపు 0.6 యూనిట్ కరెంటు చాలు. 2 కిలోవాట్ల గీజర్‌కి అది 18, 20 నిమిషాల పని. ఆ తర్వాత థర్మోస్టాట్ టక్కుమని ఆపేస్తుంది. కానీ స్విచ్ వేసే ఉంటే, నీళ్లు చల్లారిన ప్రతిసారీ మళ్లీ కాస్తుంది. మీరు ఆఫీసులో ఉన్నా సరే! గీజర్ మీద ఉండే స్టార్లు చెప్పేది కూడా ఇదే, ఊరికే నిలవున్న వేడినీళ్లు ఎంత వేడి పోగొట్టుకుంటాయో. నలుగురు వరసగా స్నానం చేసే రూమైతే ఆ గంటన్నరా ఆన్‌లో ఉంచండి, తప్పులేదు. ఒక్కరే అయితే అరగంట ముందు వేస్తే చాలు.

హైదరాబాద్‌లో బోరు నీళ్ల సంగతి తెలిసిందే, బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది. అదే తెలుపు లోపల కాయిల్ చుట్టూ పొరలా పట్టి, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పు తను తినేసి కరిగిపోవడమే దాని ఉద్యోగం. సర్వీసుకు వచ్చినాయన చూపించకపోతే మీరే అడిగి చూడండి. సన్నగా అరిగిపోయి ఉంటే మార్పించాల్సిందే.

నాకు అసలు భయం గీజర్ గురించి కాదు, వాటర్ హీటర్ రాడ్ గురించి. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, హాస్టల్ బ్యాగులో పట్టేస్తుంది. 1500 వాట్ల రాడ్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ ఛార్జర్ పెట్టే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. అందుకే ఆ నల్లటి మాడు మచ్చలు. మూడో పిన్ను తీసేసో, రెండు పిన్నుల అడాప్టర్ పెట్టో వాడితే ఎర్తింగ్ లేనట్టే. రాడ్ పైతొడుగు ఎక్కడైనా చిట్లిందంటే బకెట్ నీళ్లలోకే కరెంటు. ‘కాగాయా లేదా’ అని వేలు పెట్టి చూసే అలవాటు ఉంది చూశారూ, అదే ప్రాణం మీదికి తెస్తుంది. ముందు స్విచ్ ఆపాలి, ప్లగ్గు పీకాలి, రాడ్ బయటికి తియ్యాలి. వేలు ఆ తర్వాతే.

గ్యాస్ గీజరైతే బాత్రూమ్ లోపల వద్దే వద్దు. గాలి ఆడని చోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. స్పృహ తప్పేదాకా తెలియదు. బయట బిగించి, పైపుతో వేడినీళ్లు మాత్రమే లోపలికి తెచ్చుకోవాలి.

ఇంకోటి. ఎంసీబీ ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు చాలామంది. అది కాపాడేది వైర్లని, మనల్ని కాదు. ఒంట్లోంచి కరెంటు పోతుంటే పసిగట్టి ఆపేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. రూము చూడటానికి వెళ్లినప్పుడు ట్యాపు తిప్పి చూస్తాం కదా, అలాగే ఓనర్‌కి చెప్పి మెయిన్ బోర్డు కూడా తెరిచి చూడండి. ఆర్‌సీసీబీ మీద ‘టెస్ట్’ బటన్ ఒకటి ఉంటుంది. నొక్కగానే ఇల్లంతా కరెంటు పోవాలి. పోలేదా, అడ్వాన్స్ ఇచ్చేముందే మార్పించమని అడగండి.