ఎనిమిదితో భాగిస్తే సరిపోదు!

పాత డెస్క్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ వేయించారు. డబ్బా మీద సెకనుకు 550 మెగాబైట్లని ఉంటే మీకు 270 దాటట్లేదా? షాపుకెళ్లి గొడవపడకండి. నిజామాబాద్‌లో నేనూ పడ్డాను, పరువు పోయింది.

మీ మదర్‌బోర్డులో ఉన్నది సాటా-2 కావచ్చు. దాని వేగం సెకనుకు 3 గిగాబిట్లు. కాలేజీలో బట్టీపట్టిన 8తో భాగిస్తే 375 మెగాబైట్లు వస్తుంది. తప్పు! సాటాలో 8 బిట్ల డేటా 10 బిట్లుగా మారి కేబుల్ ఎక్కుతుంది. అందుకే 10తో భాగించాలి, అంటే గరిష్ఠంగా 300. ఇంకా పాత ఐడీఈలో 133 అంటే నేరుగా మెగాబైట్లే, భాగించే పనే లేదు. బోధన్ చెరుకు రైతుకైతే ఈ తేడా చెప్పక్కర్లేదు: బండి మీద టన్ను తూగినా చేతికొచ్చే చక్కెర క్వింటాలు అటూఇటూ.

అయినా ఎస్‌ఎస్‌డీ వాపసు ఇవ్వకండి. చిన్న చిన్న ఫైళ్లు తీయడంలో పాత హార్డ్‌డిస్క్ దాని దరిదాపుల్లోకి రాదు.