వంటింటి గట్టు ఎవరి ఎత్తు?



పడకటిల్లు పడకగది అయినది. నట్టిల్లు హాలు అయినది. వంటిల్లు మాత్రం నేటికీ వంటిల్లుగానే నిలిచి ఉన్నది. పేరులో ఇల్లు మిగిలినది సరే, ఆ ఇంటిమీద అధికారం ఎవరిదన్న సంగతి దానిని బాగుచేయించే వేళ తేటపడుతుంది.

కిందటి ఏడాది ఏలూరులో మా పాత వంటింటిని తిరగగట్టించాము. సిద్ధాంతిగారు ఆగ్నేయమూల చూశారు. మేస్త్రి తన చేతికి అలవాటైన కొలతలు చెప్పాడు. అరలు అమర్చే కంపెనీ మనిషి రంగురంగుల పుస్తకం తెచ్చాడు. నాతో కలిపి నలుగురమూ పురుషులమే. రోజూ పొయ్యి ముందు నిలబడే మా శ్రీమతిని అప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు. అందుకే నా అభిప్రాయం ఇది: మొదట వండే మనిషిని కొలవాలి, గదిని తరువాత కొలవవచ్చు.

పీట మీద కూర్చుని వండిన కాలంలో పొయ్యి, కత్తిపీట, రోలు అన్నీ నేలమట్టానే ఉండేవి. పొగ బాధ, మోకాళ్ళ బాధ ఉండేవి గాని ఎత్తు సమస్య లేదు. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకము, 2016లో దేశమంతటా ఉజ్జ్వల పథకము వచ్చి గ్యాసు పొయ్యిని పేదల ఇళ్ళకూ చేర్చాయి. నిలబడి వండే ఇళ్ళు పెరిగినకొద్దీ గట్టు ఎత్తు అందరి ప్రశ్నా అయినది. మోచేయి వంచి నిలబడినప్పుడు దానికి 4 నుండి 6 అంగుళాల దిగువన గట్టు ఉంటే భుజాలు ఎత్తనక్కరలేదు, నడుము వంచనక్కరలేదు. మా శ్రీమతి ఐదడుగులకు తక్కువ. ఆమె మోచేతిని బట్టి లెక్క 31 అంగుళాలకు వచ్చినది. మేస్త్రి 34 అన్నాడు. “మూడంగుళాలే కదండీ” అని నవ్వాడు. ఆ మూడంగుళాలను పూటపూటా భుజాలు మోయవలసినది అతడు కాదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు కొత్త ఇళ్ళ కోసం మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా దేశపు స్థపతి ఒక వంటింటిని రూపొందించారు. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. సుమారు పదివేల ఇళ్ళలో అటువంటివి అమర్చారు. నేటి మాడ్యులర్ వంటిళ్ళకు మూలం అదే. ఆనాటికి తనకు వంట తెలియదని ఆవిడే తరువాత చెప్పుకున్నారు. అయినా వండేవారి అడుగులను, పనులకు పట్టే సమయాన్ని లెక్కగట్టి చూశారు గనుక ఆ కృషి నిలిచినది. దానిపై ఒక విమర్శ కూడా ఉన్నది. అందులో ఒక్కరే పట్టేవారు, సాయానికి వచ్చిన రెండో మనిషికి చోటు లేదు. ఇది మనమూ ఆలోచించదగినదే. ఇరుకు వంటిల్లు మగవారికి మంచి సాకు!

అందుకే మేము గట్టుకూ ఎదుటి గోడకూ నడుమ 42 అంగుళాలు వదిలాము. సింకు ఉన్న భాగాన్ని మాత్రం 34 అంగుళాలకు లేపించాము. అంట్లు తోమేది నేను. ప్లగ్గులు ఎక్కడ రావాలో మా శ్రీమతే గోడ మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టినది. గొట్టాలు వేసి, ఒక రోజంతా నీరు నింపి ఉంచి, చెమ్మ ఊరడం లేదని చూసుకున్న పిదపనే టైల్సు అతికించనిచ్చాము. ఆ నెల రోజులూ వెనుక వసారాలో వంట. పొయ్యి ఆగ్నేయంలోనే ఉన్నది. మోచేతి కొలతకు వాస్తు ఎక్కడా అడ్డు రాలేదు.

ఇక అరల సంగతి. కొల్లేటి చేరువ ఊళ్ళకు చెమ్మ తప్పదు. తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి ఇంట పార్టికల్ బోర్డు అరలు పెట్టించారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి సింకు కింది తలుపులు ఉబ్బి మూతపడటం మానేశాయి. చెక్కే కావాలనుకునేవారు ఐఎస్ 710 గుర్తు గల ప్లైవుడ్ అడగడం మంచిది. మేము కడప బండలు పరిపించి అల్యూమినియం తలుపులు పెట్టించాము. కింది అర ఎత్తును ఆవకాయ జాడీ నిర్ణయించినది.

రంగుల పుస్తకంలో కొర్రమీనుకు చోటు లేదు. ఉప్పూ బూడిదా వేసి బండ మీద రుద్దితే గాని జిగురు వదలని చేప అది. పెరటి గుమ్మం పక్కన మోకాలి ఎత్తు చప్టా, కొళాయి, తూము ఏర్పాటు చేశాము. ఇవి ఏ నగరపు కంపెనీకీ తోచవు. వండేవారిని అడిగితే ఒక్క నిమిషంలో చెబుతారు.

మేస్త్రి చివరకు ఒక మాట అన్నాడు: “రేపు ఇల్లు అమ్మితే కొనేవారికి ఈ ఎత్తు నచ్చొద్దా?” రాబోయే కొనుగోలుదారు భుజాల కోసం ఉన్న ఇల్లాలి భుజాలను నొప్పించడం ఏ ధర్మమో నాకు బోధపడలేదు.

మీ ఇళ్ళలో గట్టు ఎత్తు ఎవరు నిర్ణయించారు? వండేవారిని అడిగి తెలుపగలరు.