మందులో మరుగుజ్జు

తలనొప్పికి బిళ్ళ మింగుతాం. అది తిన్నగా తలకే పోతుందా? పోదు. నెత్తురులో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. తలనొప్పికైతే పరవాలేదు, కాన్సరుకైతే ఆ తిరుగుడే ముప్పు. డాక్సోరూబిసిన్ అనే ఎర్రని మందు కంతిని అణచుతుంది గాని, మోతాదులు పెరిగినకొద్దీ గుండెను దెబ్బతీస్తుంది. ప్రాణం నిలిపే మందే గుండెకు చేటయితే రోగి ఏం కావాలి?

కొవ్వు పదార్థాలు కొన్ని నీటిలో తమంతతామే బుడగలు కడతాయని 1960 ప్రాంతాల ఇంగ్లండులో అలెక్ బాంగ్‌హామ్ కనిపెట్టాడు. అలాంటి బుడగల్లో ఈ మందు నింపిన 'డాక్సిల్'కు 1995లో అమెరికా అనుమతి లభించింది. బుడగ వెడల్పు సుమారు 100 నానోమీటర్లు. తలవెంట్రుక మందంలో దాదాపు వెయ్యోవంతు. 'నానో' మాటకు మూలం మరుగుజ్జు అనే అర్థంగల గ్రీకు పదం. మన వామనుడే ననుకోండి!

గుండెలోని రక్తనాళాల గట్టి గోడలను ఈ బుడగ తేలిగ్గా దాటలేదు. కంతిలోని నాళాలు తొందరపాటున పెరిగినవి. ఆ సందుల్లోంచి జారుతుంది.

అయితే అరచేతులు, అరికాళ్ళు మండి పొట్టు లేవడం ఈ మందుతో తరచు వచ్చే బాధ. వామనుడి అడుగు గురి తప్పలేదు. ఈ మరుగుజ్జుది ఇంకా తప్పుతోంది. అయినా గుండెమీద మోపే బరువు తగ్గించాడు. అది చిన్న మేలు కాదు.