ఫ్యూజన్ ప్లాంట్లకు అణు రియాక్టర్ల రూల్స్ అక్కర్లేదా? అసలు రిస్క్ ఎక్కడుంది?

ఫ్యూజన్ ప్లాంట్ అంటే మరో చెర్నోబిల్ అవుతుందా? ఆ ఛాన్స్ లేదు. ఇందులో చైన్ రియాక్షన్ ఉండదు.. తేడా వస్తే ప్లాస్మా చల్లబడి ప్రక్రియ దానంతటదే ఆగిపోతుంది. అందుకే అమెరికా అణు నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ 2023 ఏప్రిల్‌లో కీలక నిర్ణయం తీసుకుంది. వీటికి అణు రియాక్టర్ల రూల్స్ కాకుండా, ఆస్పత్రులు, పరిశ్రమలు వాడే రేడియోధార్మిక పదార్థాల రూల్స్ పెట్టాలని తేల్చింది. అదే ఏడాది బ్రిటన్ కూడా చట్టం చేసి, ఫ్యూజన్‌కు అణు సైట్ లైసెన్స్ అవసరం లేదంది.

అలాగని రిస్క్ జీరో కాదు. ఇంధనంగా వాడే ట్రిటియం రేడియోధార్మికమే. అది సగానికి తగ్గడానికే 12 ఏళ్లకు పైగా పడుతుంది. నీళ్లలో కలిస్తే ఒంట్లోకీ చేరుతుంది. అందుకే ప్లాంట్‌లో ఎంత ట్రిటియం ఉంచొచ్చు? లీకైతే చుట్టుపక్కల జనానికి ఎవరు, ఎంతసేపట్లో చెప్పాలి? తేలిక రూల్స్ అయినా సరే.. ఈ రెండింటికీ గట్టి జవాబు ఉండాల్సిందే.