ఆ బటన్ నొక్కకముందే ఆగండి

నవరాత్రులు దగ్గర పడ్డాయి. మెట్‌పల్లిలో, కోరుట్లలో, జగిత్యాలలో మండపాల కమిటీలు చందాల లెక్కతో పాటు ఇంకో లెక్క కూడా వేస్తున్నాయి: వాకీటాకీలు ఎన్ని తెప్పించాలి? "డీజే మోతల ఫోన్ ఇనవడదన్నా, సెట్లే మేలు" అంటున్నారు పిల్లలు. వాళ్ల అవసరం నిజమైనదే. నిమజ్జనం రాత్రి క్రేన్ దగ్గరున్నవాడి మాట గట్టు మీదున్నవాడికి అందకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. అయినా చెబుతున్నాం: కొననివాళ్లు ఇప్పుడే కొనకండి, కొన్నవాళ్లు బటన్ నొక్కకండి. ముందు ఇది చదవండి.

ఆన్‌లైన్‌లో చవకగా దొరికే చైనా సెట్లలో పేరున్నది బావోఫెంగ్ యూవీ-5ఆర్. అరచేతిలో ఇమిడిపోతుంది, 128 ఛానళ్లు దాచుకుంటుంది, నాలుగైదు వాట్ల శక్తితో పలుకుతుంది. 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ వరకు, 400 నుంచి 520 వరకు ఏ అంకె కొట్టినా వద్దనదు. అంటే మొత్తం 158 మెగాహెర్ట్జ్‌ల మేర తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. మన దేశంలో లైసెన్సు లేకుండా మామూలు మనిషి వాకీటాకీలో మాట్లాడుకోవడానికి ప్రభుత్వం 2018 నిబంధనల్లో వదిలిన జాగా 446.0 నుంచి 446.2 వరకే. 158లో 0.2! మిగతా తలుపుల వెనక ఎవరో ఒకరున్నారు. పోలీసులతో సహా అత్యవసర సేవలవాళ్లు మాట్లాడుకునే ఛానళ్లూ ఈ పరిధుల్లోనే ఉంటాయి.

"మేం 446లోనే పెట్టుకున్నం కదా" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. అది చాలదు. ఆ మినహాయింపు అంకెకు మాత్రమే ఇచ్చింది కాదు, తక్కువ శక్తితో పనిచేస్తూ ఆమోదం పొందిన పరికరానికి ఇచ్చింది. ఆ సెట్టుకు ఈటీఏ, అంటే కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం ఇచ్చే పరికర ఆమోదం, ఉండాలి. నాలుగైదు వాట్ల సెట్టులో 446 కొట్టినంత మాత్రాన అది లైసెన్సు అక్కర్లేని సెట్టు అయిపోదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు టోన్ దగ్గర, అంటే మాటతో పాటు సెట్టు పంపే గుర్తు సంకేతం దగ్గర, జరుగుతోంది. ప్రోగ్రామింగ్ నేర్పే వీడియోలు కొన్ని దాన్ని 'ప్రైవసీ కోడ్' అంటాయి. ఆ పేరే అబద్ధం. టోన్ పెట్టుకుంటే మీ మాట ఎవరికీ వినపడకుండా పోదు. మీకే ఇతరుల మాట వినపడకుండా పోతుంది. మీ టోన్ లేని గొంతు ఏది వచ్చినా సెట్టు నోరు మూసుకుంటుంది. అప్పుడేమవుతుంది? అదే ఫ్రీక్వెన్సీ మీద ఒక కానిస్టేబుల్ సాయం కోసం పిలుస్తున్నా మీ చేతిలో నిశ్శబ్దమే. ఛానల్ ఖాళీగా ఉందనుకుని "క్రేన్ అన్నా, జెర ఆగు" అని బటన్ నొక్కుతారు. ఎఫ్ఎం రేడియోల స్వభావం ఏమిటంటే, ఒకేచోటికి రెండు గొంతులొస్తే బలమైనది బలహీనమైనదాన్ని మింగేస్తుంది. దగ్గర్లో ఉన్న మీ అయిదు వాట్లు దూరాన ఉన్న ఆ మనిషి పిలుపును తుడిచేస్తాయి. ఆ సంగతి మీకు తెలియదు. తన పిలుపు ఎందుకు అందలేదో ఆ మనిషికీ తెలియదు.

జేబులో బటన్ నొక్కుకుపోయినా అంతే. మాటకు దానంతటదే పలికే వాక్స్ సదుపాయం ఆన్‌లో ఉంటే డప్పు చప్పుడుకే సెట్టు పలుకుతూ కూర్చుంటుంది. ఛానల్ మొత్తం మూసుకుపోతుంది.

మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. ఇంటికొకరు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న ఊళ్లు మనవి. దుబాయ్ నుంచి వచ్చే తమ్ముడు, డల్లాస్ నుంచి వచ్చే అల్లుడు పెట్టెలో రెండు సెట్లు వేసుకొస్తున్నారు. అమెరికాలో ఇళ్లలో లైసెన్సు లేకుండా వాడుకునే ఎఫ్ఆర్ఎస్ సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. అక్కడ పిల్లల ఆట, ఇక్కడ నేరం. ఇట్లాంటివాటి దిగుమతికీ అనుమతి కావాలి.

నేరమన్నది బెదిరించడానికి వాడిన మాట కాదు. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం అనుమతి లేని ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకున్నా మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పెద్ద పెద్ద ఆన్‌లైన్ అంగళ్లకు వాకీటాకీల అమ్మకం మీద నోటీసులిచ్చింది, ఆ నెలాఖరుకే మార్గదర్శకాలు తెచ్చింది. పెద్ద కంపెనీ సైటులో దొరికింది కాబట్టి చట్టబద్ధమే అయ్యుంటుందన్న నమ్మకం అక్కడితో పోవాలి. చట్టం సంగతి అట్లా ఉంచినా, 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన రోజులు చూసిన పెద్దలు మన మధ్యే ఉన్నారు. రాత్రిపూట వైర్‌లెస్ సెట్టుతో తిరిగే కుర్రవాడు పోలీసు కంటికి ఎట్లా కనపడతాడో వాళ్లనడగండి.

రేడియో మీద మోజున్న పిల్లల్ని నిరుత్సాహపరచడం మా ఉద్దేశం కాదు. వాళ్లకు దారి ఉంది, హైదరాబాద్‌లోనే ఉంది. 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ హామ్, అంటే అమెచ్యూర్ రేడియో, లైసెన్సు పరీక్షకు తర్ఫీదు ఇస్తుంది. పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. ఆ సంస్థ తరఫున 2004 డిసెంబరులో భారతి ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండగానే సునామీ వచ్చింది. మామూలు సమాచార మార్గాలు తెగిపోయినప్పుడు బయటి ప్రపంచానికి కబురు మోసింది వాళ్ల రేడియోలే. చదువుకుని, లైసెన్సు తీసుకుని, ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు ఊరుకోవాలో తెలిసినవాళ్ల చేతిలో ఉన్నాయి కాబట్టే అవి పనికొచ్చాయి. అయితే హామ్ లైసెన్సు కమిటీ మొత్తానికి వర్తించదు, దాన్ని పొందిన మనిషికే.

కొనక తప్పదంటే పెట్టె మీద, రశీదు మీద రెండు చూడండి: 446.0–446.2 అన్న పరిధి, ఈటీఏ నంబరు. అమ్మేవాడు ఆ నంబరు చెప్పలేకపోతే పైసలు తీయకండి. కీప్యాడ్‌తో ఏ ఫ్రీక్వెన్సీ అయినా మార్చుకోవచ్చని గొప్పగా చెబితే అసలే తీయకండి. కొండగట్టు, వేములవాడ జాతరల్లో పనిచేసే పెద్ద సేవా బృందాలకు ఇంకా ఎక్కువ దూరం కావాలంటే టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో లైసెన్సుకు దరఖాస్తు చేసుకునే వీలుంది. అది వారంలో వచ్చే పని కాదు, ముందే మొదలుపెట్టాలి.

ఇప్పటికే ఇంట్లో సెట్లున్నవాళ్లు ఈ రోజే బ్యాటరీ ఊడదీయండి. పిల్లల చేతికివ్వకండి, ఇంకొకరికి అమ్మి వదిలించుకోవాలని చూడకండి. ఈసారి నిమజ్జనానికి చెరువు గట్టు మీద ఒకరు ఎర్రజెండా పట్టుకోండి, క్రేన్ దగ్గర ఒకరు విజిల్ పెట్టుకోండి. విగ్రహాన్ని లేపేటప్పుడు అయిదు నిమిషాలు డీజే ఆపించండి.