నీళ్లు మంచివే, ఒక్కసారిగా తాగడమే ప్రమాదం

ఎండలు ముదిరితే "నీళ్లు బాగా తాగండి" అని అందరూ చెప్తారు. వార్డుల్లో మేమూ చెప్తాము. అయితే దానికి ఇంకొక మాట కలిపి చెప్పాలని మా అభిప్రాయం. బాగా తాగండి, కానీ ఒక్కసారిగా తాగవద్దు.

పరగడుపున లీటరున్నర నీళ్లు ఏకబిగిన తాగితే రోగాలన్నీ పోతాయని కొందరి నమ్మకం. కడుపు స్కానింగుకు మూత్రం నిండాలని సీసా మీద సీసా తాగేవారూ ఉన్నారు. ఆరోగ్యవంతుల మూత్రపిండాలు గంటకు సుమారు 800 మి.లీ. నుండి లీటరు నీటిని మాత్రమే బయటకు పంపగలవు. అంతకు మించి తాగుతూ పోతే రక్తంలోని ఉప్పు పలుచబడుతుంది. సోడియం 135 నుండి 145 మధ్య ఉండాలి. అది త్వరగా పడిపోతే మెదడు ఉబ్బుతుంది.

ఇది అరుదే గాని కల్పితం కాదు. 2007 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక రేడియో స్టేషను పెట్టిన నీళ్లు తాగే పోటీలో పాల్గొన్న యువతి అదే రోజు మరణించింది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తగ్గినట్లు తేలింది.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టే విషయం మరొకటుంది. తలనొప్పి, వాంతులు, తికమకగా మాట్లాడడం, ఫిట్స్ దీని లక్షణాలు. వడదెబ్బకూ ఇవే ఉంటాయి. ఇంట్లోవారు వడదెబ్బ అనుకొని ఇంకా నీళ్లు తాగిస్తారు. మనిషి తికమకపడుతుంటే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఎన్ని నీళ్లు తాగారో కూడా చెప్పండి.

ఆరు నెలల లోపు బిడ్డకు ఎండాకాలంలోనూ తల్లిపాలే చాలు, విడిగా నీళ్లు వద్దు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడే పెద్దలు ఎంత తాగాలో డాక్టరుగారినే అడగాలి. విరేచనాలైతే ఉత్త నీళ్లు చాలవు. లీటరు నీటికని రాసి ఉన్న ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును సరిగ్గా లీటరులోనే కలపండి. పొలంలో చెమటోడ్చేవారికి ఉప్పు వేసిన మజ్జిగ, గంజి మేలు.

ఇది చదివి నీళ్లు మానవద్దు. మూత్రంలో రాళ్లున్నవారు తాగవలసిందే. గ్లాసు చొప్పున రోజంతా తాగండి. స్కానింగుకు ఎంత తాగాలో మా సిస్టర్లను అడగండి, మొహమాటపడకండి.