తాళం ఎంతసేపు వేయాలి?

రైల్లో ఒకే బెర్తు మిగిలింది అనుకోండి. మీరొక కౌంటరులో, మరొకరు ఇంకో కౌంటరులో ఒకే క్షణంలో దాన్ని అడిగారు. కంప్యూటరులో బెర్తు కేటాయించే మెథడ్ ఇద్దరికోసం ఒకేసారి నడిస్తే, ఇద్దరికీ ‘ఖాళీ’ అనే చూపుతుంది. ఇద్దరికీ అదే బెర్తు రాసేస్తుంది. అందుకే ప్రోగ్రాములో తాళం పెడతారు. తాళం దొరికిన పని నడుస్తుంది, రెండవది ఆగుతుంది. ఒంటి లైనుపై డ్రైవరు టోకెను చేతికందితేనే ముందుకు వెళ్ళడం వంటిదే ఇది. డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1965లోనే ఈ సమస్యకు పరిష్కారం ప్రచురించారు. నేడు జావా భాషలో ‘సింక్రనైజ్డ్’ అన్న ఒక్క మాట రాస్తే తాళం పడుతుంది.

అంత సులువు కావడమే చిక్కని నా అభిప్రాయం. చాలామంది మెథడ్ మొత్తానికీ తాళం వేసేస్తారు. పేరు, వయసు సరిచూడడానికి తాళమెందుకు? ఖాళీ చూడడానికీ, బెర్తు రాయడానికీ నడుమ ఎవరూ దూరకూడదు, అంతే. (రాసేటప్పుడు మాత్రమే వేస్తే లాభం లేదు సుమా! అప్పటికే ఇద్దరూ ‘ఖాళీ’ చూసేసి ఉంటారు.) రాయడం పూర్తికాగానే, మధ్యలో పొరపాటు జరిగినా సరే, తాళం తీసేయాలి. మీ టిక్కెట్టు అచ్చయ్యేదాకా అవతలి కౌంటరులోని మనిషి ఎందుకు నిలబడాలి?